ఐదుగురికి ఒక బల్ల

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో కాస్త రద్దీగా ఉండే హోటల్‌కు భోజనానికి వెళితే గుమ్మం దగ్గరే ఒకరు ఆపి ‘ఎంతమంది?’ అని అడుగుతారు. ఐదుగురం అంటే, ఐదు కుర్చీల బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబెడతారు. ‘పార్టీ ఆఫ్ ఫైవ్’ అంటే అంతే, ఐదుగురు వచ్చారని. 1994 సెప్టెంబరులో ఫాక్స్ చానెల్‌లో ఈ పేరుతో ఒక సీరియల్ మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సాలింజర్ అనే కుటుంబం. తాగి బండి నడిపిన ఒక మనిషి మూలంగా తల్లీ తండ్రీ ఒకేసారి పోయారు. పిల్లలు మిగిలారు. పెద్దవాడు చార్లీకి 24 ఏళ్లు. తర్వాత బెయిలీకి 16, జూలియాకు 15, క్లాడియాకు 11. ఆఖరివాడు ఓవెన్ చంటిపిల్లవాడు. తండ్రి పెట్టిన రెస్టారెంట్ ఒకటి ఉంది. వారానికి ఒకసారి అక్కడ ఐదుగురూ ఒకే బల్ల చుట్టూ చేరి భోంచేస్తారు. ఇంట్లో ఎన్ని గొడవలున్నా ఆ పూట మాత్రం తప్పదు.

నేను ఈ సీరియల్‌ను మా అమ్మతో కలిసి చూశాను. ప్రసారమైన రోజుల్లో కాదు, చాలా ఏళ్ల తర్వాత, డీవీడీలు తెచ్చుకుని. అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని మాట మాటా చెబుతుంటే, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ చూసేది. మొదటి ఎపిసోడ్ సగం కూడా కాకముందే, ‘వీళ్లకు మేనమామ లేడా?’ అంది. లేడన్నాను. ‘బాబాయి? మేనత్త? పోనీ అమ్మమ్మ?’ ఎవరూ లేరన్నాను. అమ్మ నమ్మలేదు. కథ రాసినవాళ్లు ఎవరినో దాచిపెట్టారనే అనుకుంది. అమ్మ అనుమానం మరీ తప్పు కాదు. తర్వాత ఒక సీజన్‌లో తల్లి తండ్రి, అంటే పిల్లల తాత, జేక్ అనే ఆయన రానే వచ్చాడు. ఆ పాత్ర వేసిన కారల్ ఓకానర్ అమెరికాలో ఇంటింటికీ తెలిసిన నటుడు. ఆయన కొడుకు మాదకద్రవ్యాలకు బానిసై 1995లో ప్రాణం తీసుకున్నాడు. మీ పిల్లలకూ మత్తుకూ మధ్య ఎలాగైనా అడ్డం నిలబడండి అంటూ ఆయన ఆ తర్వాత తల్లిదండ్రులను బతిమాలాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన దగ్గర తల్లీ తండ్రీ పోయిన ఇంట్లో కర్మ పూర్తికాకముందే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న మాట వస్తుంది. ఒకరిని మామయ్య తీసుకువెళతాడు, ఒకరు పెదనాన్న ఇంట్లో తేలతారు. కడుపుకు లోటుండదు, కానీ తోబుట్టువులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారు. ఈ కథలో అన్నయ్య చట్టప్రకారం సంరక్షకుడు కాబట్టి ఐదుగురూ ఒకే కప్పు కింద ఉంటారు. ఆ ఉండటం ఎలా ఉంటుందన్నదే సీరియల్ మొత్తం. క్లాడియా భోజనాల గదిలో గుడారం వేసుకుని అందులో పడుకుంటుంది. ఏ పాఠంలోనూ అంత బాగా చెప్పలేరు. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో గుడారం రెండో రోజుకు ఎత్తేస్తారు. ఇక్కడ ఎత్తేయమనేవారు లేరు.

దీన్ని సృష్టించినవారు క్రిస్టఫర్ కైసర్, ఏమీ లిప్‌మన్ అనే ఇద్దరు. మొదట చూసినవాళ్లు తక్కువ. ఏ వారమైనా ఆపేస్తారన్నట్టే ఉండేది. 1996లో ఉత్తమ నాటక ధారావాహికగా గోల్డెన్ గ్లోబ్ పురస్కారం వచ్చాక నిలదొక్కుకుని, 2000 మే వరకు ఆరు సీజన్లు నడిచింది. 2020లో ఆ ఇద్దరే ఈ కథను మళ్లీ తీశారు. ఈసారి తల్లిదండ్రులు చనిపోరు, వాళ్లను మెక్సికోకు పంపించేస్తారు. ఆలోచన మంచిదే, కానీ పది ఎపిసోడ్లకే ఆగిపోయింది. బతికున్న తల్లిదండ్రులకు దూరం కావడం వేరే దుఃఖం. ఫోను చేస్తే అమ్మ పలుకుతుంది కదా.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది మూడో సీజన్‌లోని ఒక్క ఎపిసోడ్ గురించి. 1997లో వచ్చింది. పేరు ‘ది ఇంటర్వెన్షన్’. తాగుడుకు అలవాటైన మనిషిని ఇంటివాళ్లూ స్నేహితులూ కలిసి కూర్చోబెట్టి, నీ వల్ల మాకు ఇది జరిగింది, ఇక చికిత్సకు వెళ్లు అని ముఖాముఖి చెప్పడాన్ని అమెరికాలో అలా అంటారు. ఆ మనిషికి ముందుగా చెప్పరు. మామూలుగా రమ్మంటారు, వచ్చేసరికి గదినిండా మనుషులుంటారు.

ఇక్కడ ఆ మనిషి బెయిలీ. నిజానికి ఇంటిని నిలబెట్టినవాడు వాడే. చార్లీ పేరుకు పెద్దవాడు. మొదట్లోనే డబ్బు విషయంలో చేతులు కాల్చుకున్నాడు, తర్వాత పీటల మీదకు రావలసిన రోజున పెళ్లి వదిలేసి వెళ్లిపోయాడు. చంటివాడికి ఆయాను వెతకడం దగ్గర నుంచి ఇంటి ఖర్చుల దాకా పదహారేళ్ల బెయిలీయే నెత్తిన వేసుకున్నాడు. మన మాటలో చెప్పాలంటే, అన్న తండ్రి స్థానంలో కూర్చున్నాడు, తండ్రి పని తమ్ముడు చేశాడు. మూడేళ్లు తిరిగేసరికి ఆ తమ్ముడు కాలేజీలో చేరి సీసా పట్టాడు. అమెరికాలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 1984లో వచ్చిన చట్టంతో అన్ని రాష్ట్రాలూ క్రమంగా ఆ హద్దుకు వచ్చాయి. బెయిలీకి ఇంకా ఆ వయసు కూడా రాలేదు. పైగా తల్లీతండ్రీ పోయింది ఎవడో తాగి బండి నడపడం వల్లే.

ఎపిసోడ్ దాదాపు అంతా ఆ ఇంట్లోనే జరుగుతుంది. రంగస్థల నాటకంలాగా ఒక గది, కొందరు మనుషులు, మాటలు. ఒక్కొక్కరూ చెప్పదలచుకున్నది చెబుతారు. చెబుతున్నప్పుడు గొంతులో వణుకు తెలుస్తూనే ఉంటుంది. బెయిలీ కాసేపు నవ్వులాటగా తీసుకుంటాడు. తర్వాత తిరగబడతాడు. నన్ను అడగడానికి మీరెవరు అన్నట్టు ఒక్కొక్కరి తప్పూ తవ్వి తీసి వాళ్ల ముందే పడేస్తాడు. తోబుట్టువుల మధ్య ఇదే చిక్కు. కన్నవారికైతే అడిగే హక్కు పుట్టుకతోనే వస్తుంది. వాళ్ల తప్పులు పిల్లలకు సగం తెలియవు, తెలిసినా పైకి అనరు. ఒకే గదిలో పెరిగినవాళ్లకు మాత్రం ఎవరి గుట్టు ఎక్కడుందో చీకట్లో కూడా తెలుసు. అన్నను ఎక్కడ పొడిస్తే మాట ఆగిపోతుందో తమ్ముడికి తెలుసు.

మధ్యలో ఇంకొక నిజం బయటపడుతుంది. వాళ్ల నాన్న కూడా తాగుడు మనిషే. మద్యానికి బానిసయ్యే లక్షణంలో దాదాపు సగం వంశం నుంచి వస్తుందని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఎపిసోడ్‌లో ఈ శాస్త్రం పెద్దగా వినిపించదు, వినిపించకపోవడమే మంచిదైంది. నాన్న ఇలా ఉండేవాడు, నాన్న అయితే ఇలా చేసేవాడు అని మూడేళ్లుగా ఆ పిల్లలు ఒక బొమ్మను నిలబెట్టుకుని దాని చుట్టూ బతికారు. ఆ బొమ్మకు అందరి ముందూ బీట పడింది. ఇంకొక రచయిత అయితే ఇక్కడ వానా ఉరుములూ పెట్టేవాడు.

ఈ నిలదీసే పద్ధతి టీవీవాళ్లు పుట్టించింది కాదు. వెర్నన్ జాన్సన్ అనే ఎపిస్కోపల్ చర్చి మతగురువు, తాను స్వయంగా తాగుడు నుంచి బయటపడినవాడు, 1960లలో మిన్నెసోటాలో దీన్ని మొదలుపెట్టాడు. తాగేవాడు పూర్తిగా అడుగంటితే తప్ప మారడని అప్పటిదాకా అందరూ నమ్మేవారు. అంతదాకా ఎందుకు ఆగాలి, ఆ అడుగునే కొంచెం పైకి తెద్దాం అన్నాడాయన. వినడానికి బాగుంది. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఈ పద్ధతి నేర్పిన కుటుంబాల్లో తమవాళ్లను చికిత్స దాకా తేగలిగింది 30 శాతం మాత్రమే. నిలదీయకుండా, తాగని పూట మెచ్చుకుంటూ, తాగిన పూట దూరంగా జరుగుతూ ఓపికగా దారికి తెచ్చే ఇంకొక పద్ధతిలో అది 64 శాతం. అసలు కిటుకు ఇక్కడుంది: నిలదీయడం నేర్చుకున్న కుటుంబాల్లో ఎక్కువమంది ఆ సమావేశం దాకా వెళ్లనే లేదు. తీరా సమయం వచ్చేసరికి నోరు రాలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు.

సాలింజర్ పిల్లలకు నోరైతే వచ్చింది, పని మాత్రం కాలేదు. బెయిలీ ఒప్పుకోకుండా వెళ్లిపోతాడు. తర్వాతి ఎపిసోడ్ పేరు ‘హిట్టింగ్ బాటమ్’, అంటే అడుగంటడమే. బెయిలీ తాగి కారు నడుపుతాడు. పక్కన శారా ఉంటుంది, వాడిని ప్రేమించిన అమ్మాయి. కారు ప్రమాదానికి గురై ఆ పిల్ల ఆసుపత్రి పాలవుతుంది. అమ్మానాన్నలను చంపినవాడు చేసిన పనే వాడూ చేశాడు. ప్రాణం పోలేదు, అంతే తేడా. ఆ తర్వాతే వాడు ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశంలో అడుగుపెడతాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం అది. 1935లో ఒహాయోలో మొదలైన ఈ సంఘం సమావేశాలు మన హైదరాబాదులోనూ జరుగుతాయి. రచయితలు జాన్సన్ మాట కంటే పాత నమ్మకాన్నే నమ్మారని నాకు అనిపిస్తుంది. కథకు అదే అనువైనది మరి. ఓపికతో దారికి తెచ్చే పద్ధతిని గంటలో చూపించడం ఎవరి తరం?

ఇక మా అమ్మ సంగతి. అమ్మకు పద్దెనిమిదేళ్లప్పుడు ఏడాది తిరగకుండా మా తాతా అమ్మమ్మా పోయారు. కింద ఇద్దరు తమ్ముళ్లు. వాళ్లకు మేనమామ ఉన్నాడు. ఉండి ఏం చేశాడన్నది ఇంకో ప్రసంగానికి సరిపోతుంది. అమ్మే ఇద్దరినీ చదివించింది. చిన్న మామయ్య తాగుడు నాకు ఊహ తెలిసేనాటికే ముదిరింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం మా ఇంటి అరుగు మీద వాడిని కూర్చోబెట్టారు. మా నాన్న, పెద్ద మామయ్య, ఊళ్లో పదిమందీ గౌరవించే ఒకాయన, అమ్మ. ఇంటర్వెన్షన్ అనే మాట ఎవరికీ తెలియదు, చేసింది మాత్రం అదే. అందరూ చెప్పారు. మామయ్య గడప వైపు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక తలెత్తి ఒక్కటే అడిగాడు, ‘అమ్మ గొలుసు ఏమైందక్కా?’

ఆ గొలుసు అమ్మ పెళ్లి ఖర్చులకు పోయింది. అది అందరికీ తెలుసు. పెళ్లి చేసుకోకపోతే ముగ్గురికీ నీడ ఉండేది కాదని కూడా తెలుసు. అయినా ఎవరూ మాట్లాడలేదు. స్టీలు గ్లాసుల్లో కాఫీ మీద మీగడ కట్టింది. గౌరవనీయులైన ఆయన కండువా దులుపుకుని లేచారు.

బెయిలీ తిరగబడే చోటికి వచ్చేసరికి నేను ఎప్పటిలాగే అర్థం చెప్పబోయాను. ‘చెప్పక్కర్లేదులే, తెలుస్తోంది’ అంది అమ్మ. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోనే ఉంది, చేతులు ఆడటం లేదు. ఎపిసోడ్ అయిపోయాక లేచి వెళ్లి ఫోను తీసుకుంది. మామయ్యకు చేసింది. ఈసారి వేరుశనగ ఎన్ని ఎకరాలు వేశావని అడిగింది. ఎరువు దొరికిందా అంది. గేదె ఈనిందా అంది. అటునుంచి ఆయన అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగినట్టున్నాడు, ‘ఫరవాలేదురా, మెట్లు ఎక్కేటప్పుడే’ అంది. తాగుడు మాట రాలేదు. గొలుసు మాటా రాలేదు. పది నిమిషాలు మాట్లాడి పెట్టేసింది.

వచ్చి కూర్చుని పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ‘తర్వాతిది ఉందా? పెట్టు’ అంది.

అందులో కారు ప్రమాదం ఉందని నాకు తెలుసు. రేపు చూద్దామమ్మా, పొద్దుపోయింది అన్నాను.

నమస్కారం.