ప్లేట్‌లెట్లు, బొప్పాయాకు, ఎనిమిది మంది డోనర్లు

అక్క: నమస్కారం, తిరుపతి నుంచి మళ్ళీ మేమే. పిల్లలకు జ్వరమొస్తే ప్లేట్‌లెట్లు ఎప్పుడు తగ్గుతాయో చెప్తామన్నాం కదా...

తమ్ముడు: దానికి ముందు ఒక్క మాట. నీళ్ళ డ్రమ్ములకు మూతలు...

అక్క: నిమిషం కూడా కాలేదురా!

తమ్ముడు: మూత లేని డ్రమ్ముల్లో డెంగీ దోమలు పుడతాయని గుర్తుందా లేదా?

అక్క: ఉంది. నోరు మూసుకో. ప్లేట్‌లెట్లంటే రక్తం గడ్డకట్టేందుకు సాయపడే కణాలు. మామూలుగా ఒక్క మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. వైరల్ జ్వరాల్లో తగ్గుతాయి, మలేరియాలోనూ తగ్గుతాయి. డెంగీలో అయితే గబగబా పడిపోతాయి. అంతే.

తమ్ముడు: అంతేనా? డెంగీతో మన పాపకు 60 వేలని రిపోర్టు వచ్చిన రోజు మాత్రం ఎంతసేపు ఏడ్చినావు.

అక్క: నువ్వో? వాట్సాప్‌లో ఎనిమిది మంది డోనర్లను పిలిచి ఆస్పత్రి గేటు ముందు నిలబెట్టినావు. రక్తస్రావం లేకుండా 60 వేలకు ఎవరూ ఎక్కించరని డాక్టరమ్మ అంటే, వాళ్ళందరికీ కాఫీ తాగించి పంపినావు.

తమ్ముడు: కాఫీ డబ్బులు ఇంకా రాలేదు. అయినా కౌంట్ పెరిగింది అమ్మ ఇచ్చిన బొప్పాయాకు రసంతోనే.

అక్క: మళ్ళీ అదే! జ్వరం దిగిన రెండు మూడు రోజులకు దానంతట అదే పెరుగుతుంది. ఆకు ఇవ్వని పిల్లలకు పెరగలేదా?

తమ్ముడు: ఇస్తే నష్టమేముంది?

అక్క: నష్టమా? ఆ చేదుకు పాప మూడుసార్లు కక్కింది. డెంగీలో వాంతులు ఆగకపోవడం ప్రమాద సూచన. "వాంతులు ఎప్పటినుంచి?" అని డాక్టరమ్మ అడిగితే నేనేం చెప్పాలి? జ్వరం వాంతులా, ఆకు వాంతులా? ఆ అయోమయానికి ఒక రాత్రి అదనంగా ఉంచుకున్నారు.

తమ్ముడు: ...అమ్మ ప్రేమతోనే ఇచ్చింది.

అక్క: తెలుసు. జ్వరం దిగింది, ఇంటికి పోదాం అన్నది కూడా ప్రేమతోనే. కానీ అసలు భయం అప్పుడే. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడేది జ్వరం దిగే వేళకే. అందుకే డాక్టరమ్మ ప్లేట్‌లెట్ కాగితం పక్కనబెట్టి, ఉచ్చ ఎన్నిసార్లు పోసింది, కడుపు నొప్పి ఉందా, చేతులు చల్లబడినాయా అని అడిగింది. పీసీవీ, అంటే రక్తం చిక్కదనం చెప్పే లెక్క, ఎక్కుతోందా అని చూసింది.

తమ్ముడు: ఆ రాత్రి నువ్వు వరండాలో నేలమీదే పడుకున్నావు.

అక్క: పడుకోలేదు.

తమ్ముడు: ...సరే. మందుల సంగతి చెప్పు.

అక్క: జ్వరానికి పారాసెటమాలే, అదీ బరువును బట్టి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తం కారే అవకాశం పెరుగుతుంది. ఓఆర్ఎస్, మజ్జిగ కొంచెం కొంచెంగా పడుతూ ఉండాలి. నీరసంగా మగతగా ఉన్నా, చిగుళ్ళలో రక్తం కనబడినా ఆస్పత్రికే.

తమ్ముడు: ఇప్పుడన్నా చెప్పనిస్తావా? డెంగీ దోమ పగలు కుడుతుంది, ఎక్కువగా నిలవున్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, లోపల గోడలు పీచుతో రుద్ది...

అక్క: కూలర్ కూడా చెప్పు.

తమ్ముడు: చూసినావా! ఇన్నాళ్ళకు నా దారికొచ్చింది. ఫ్రిజ్ వెనక ట్రే కూడా...

అక్క: ఉండు, అమ్మ పిలుస్తోంది. ఏందమ్మా? లేదు, రికార్డింగే. నీ గురించి కాదులే. ఆకు గురించా? ఎవరు చెప్పినారు నీకు...