ముప్పై ఒక్క ఒకట్ల సంఖ్య

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను: 2147483647. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. పైకి ఏ ప్రత్యేకతా కనిపించదు. కానీ 2 ఘాతం 31లోంచి 1 తీసేస్తే వచ్చేది ఇదే. ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 మాత్రమే వాడి రాస్తే వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా ఉండదు.

ఇది ప్రధాన సంఖ్య. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్, 2 ఘాతాల్లోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల జాబితా ఒకటి ఇస్తూ ఆ మాట అన్నాడు గానీ నిరూపణ ఇవ్వలేదు. ఆయన జాబితాలో తప్పులున్నాయని తర్వాత తేలింది కూడా. నిరూపణ వచ్చింది 1772లో, గణితజ్ఞుడు ఆయిలర్ నుంచి. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది.

ఎలా చేశాడన్నదే అసలు విషయం. దీని వర్గమూలం 46340 దాటి కొద్దిగా ఉంటుంది. అంతలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే నాలుగున్నర వేలకు పైగా భాగాహారాలు. ఎవరికైనా ఓపిక చచ్చిపోతుంది.

ఆయిలర్ ముందు ఆలోచించాడు. p అనే ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు 2 ఘాతం 31ని pతో భాగిస్తే శేషం 1. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2 ఘాతం p-1ని pతో భాగించినా శేషం 1. ఈ రెండూ కుదరాలంటే, 31 ప్రధాన సంఖ్య కాబట్టి, p-1ని 31 భాగించి తీరాలి. p బేసి సంఖ్య కాబట్టి 62 కూడా భాగించాలి. ఇంకోటి: 2 ఘాతం 32కి శేషం 2. 2 ఘాతం 32 అంటే 2 ఘాతం 16 యొక్క వర్గమే కదా! అంటే pతో భాగిస్తే వచ్చే శేషాల లెక్కలో 2 ఒక వర్గం. అలా కావాలంటే pని 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు షరతులూ కలిపితే, pని 248తో భాగిస్తే శేషం 1 లేదా 63. అంతే, ఇంకో దారి లేదు.

3, 5, 7 అన్నీ పరీక్షించకుండానే ఎగిరిపోయాయి. మొదట ప్రయత్నించాల్సింది 311. శేషం 35. తర్వాతిది 1303. శేషం 226. ఇలా వందలోపు భాగాహారాలతో పని అయిపోతుంది. నాకు ఆ జవాబు కంటే ఈ వడపోతే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

దీన్ని 2 ఘాతం 30తో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తుందన్నమాట. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనిపెట్టరు, దానివల్ల ఉపయోగం లేదు గనక ఎవరూ పూనుకోరు అని 1811లో ఇంగ్లండ్ గణితజ్ఞుడు పీటర్ బార్లో రాసేశాడు. పాపం, గణితజ్ఞుల సంగతి ఆయనకు తెలియదనుకోవాలి!

ఇక కంప్యూటర్లు. ఒక సంఖ్యను దాచే 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే గళ్లలో, ఒకటి ప్లస్-మైనస్ గుర్తుకు పోతే మిగిలేవి 31. అన్నిట్లోనూ 1 నింపితే మన సంఖ్యే. దానికి ఇంకో 1 కలిపితే లెక్క తిరగబడి చాలా యంత్రాల్లో -2147483648 అయిపోతుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు ఇలా లెక్కపెట్టే పాత సిస్టమ్‌లకు 2038 జనవరి 19న, అంతర్జాతీయ సమయం ప్రకారం 3:14:07 దాటగానే టెన్షన్ మొదలవుతుంది. సరిచేయకపోతే అవి 1901 డిసెంబరులోకి వెళ్లిపోతాయి.

అందుకే 64 బిట్లకు మారుతున్నారు. అక్కడి గరిష్ఠ సంఖ్య 2 ఘాతం 63లోంచి 1 తీసేస్తే వచ్చే 9223372036854775807. ఇంజనీర్లకు నిశ్చింత. మరి అది కూడా ప్రధాన సంఖ్యేనా? కాదండీ. 63ని 3 భాగిస్తుంది కాబట్టి, 2 ఘాతం 3లోంచి 1 తీసేస్తే వచ్చే 7 దాన్నీ భాగిస్తుంది. నిజానికి ఒకసారి కాదు, రెండుసార్లు.