ఎస్ట్రిన్ – బెర్లినర్: పోస్టులో నడిచిన గేమ్, 31వ ఎత్తు

నమస్తే అండి. ఈరోజు రివ్యూ ఐదో ప్రపంచ కరస్పాండెన్స్ చెస్ ఛాంపియన్‌షిప్‌లోని ఒక గేమ్ మీద. 1965 నుంచి 1968 దాకా సాగిన టోర్నమెంట్ అది. తెల్ల పావులు సోవియట్ ఆటగాడు యాకోవ్ ఎస్ట్రిన్‌వి, నల్లవి అమెరికా ఆటగాడు హాన్స్ బెర్లినర్‌వి. ఎత్తు రాసి పోస్టులో వేయాలి, జవాబు కోసం ఎదురుచూడాలి.

ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) టూ నైట్స్ డిఫెన్స్. ఎస్ట్రిన్ దీన్ని ఔపోసన పట్టినవాడు, దీని మీద పుస్తకమే రాశాడు. ఆయన మీద అదే ఆడాడంటే బెర్లినర్ గుండెధైర్యం చూడండి!

పదో ఎత్తు దగ్గర ఒక్క క్షణం ఆపండి. నల్ల గుర్రం డీ4లో (డీ నిలువు వరుసలో నాలుగో గడి), నల్ల శకటు (బిషప్) జీ4లో, రెండూ తెల్ల బంట్ల దెబ్బకి అందేలా ఉన్నాయి. బెర్లినర్ ఏదీ వెనక్కి తీయలేదు, బంటుని ఈ4కి తోశాడు! ఎస్ట్రిన్ గుర్రాన్ని కొట్టాడు. రెండో శకటు డీ6కి వచ్చింది. ఇప్పుడు జీ4 శకటుని కూడా కొడితే? నల్ల శకటు జీ3 గుర్రాన్ని చెక్‌తో కొడుతుంది. దాన్ని హెచ్ బంటుతో కొట్టగానే మూలనున్న తెల్ల ఏనుగు నల్ల మంత్రి నోట్లో పడుతుంది.

నేటి ఇంజిన్లు (చెస్ లెక్కలు కట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు) ఈ లైన్లో, అంటే ఈ ఎత్తుల వరుసలో, తెలుపుకి మెరుగైన దారులు చూపిస్తున్నాయి. అందుకే ఓపెనింగ్‌గా దీన్ని నేను గుడ్డిగా మెచ్చుకోను. నన్ను కట్టిపడేసింది ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ.

28వ ఎత్తుకి మంత్రులు పోయారు. చెరో ఏనుగు, నల్లకి నాలుగు బంట్లు, తెల్లకి మూడు. 31వ ఎత్తు దగ్గర ఎఫ్7 బంటు మీదికి తెల్ల ఏనుగు గురిపెట్టింది. ఎవరైనా ఆ బంటుని కాపాడాలనే చూస్తారు కదా? బెర్లినర్ దాన్ని వదిలేసి ఏనుగుని సీ8కి నడిపాడు! ఎంత అందమైన ఎత్తండీ ఇది! బంటు పోగానే ఏనుగు సీ7కి వచ్చి మార్పిడికి పిలిచింది. మారిస్తే మిగిలేవి బంట్లే, ఆ ఆట తెల్లకి ఓటమే. అందుకే ఎస్ట్రిన్ ఏనుగు తప్పుకుంది. ఆ సందులో నల్ల రాజు ఈ5, డీ4 మీదుగా వచ్చి డీ3 బంటుని కొట్టి, సీ2 దాకా చొచ్చుకుపోయాడు. నల్లకి మూడు బంట్లు, తెల్లకి రెండే, పైగా తెల్ల రాజు బోర్డుకి అవతలి మూల మిగిలిపోయాడు. 42వ ఎత్తుకి గేమ్ నల్లది.

టోర్నమెంట్‌లో బెర్లినర్ 16 గేముల్లో 14 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. ఎస్ట్రిన్ కూడా తర్వాత ఏడో ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

ఓపెనింగ్ ఒకసారి చూసి వదిలేసినా పర్లేదు. 28వ ఎత్తు స్థితిని మాత్రం బోర్డు మీద పేర్చుకుని, ఇంజిన్ ఆపేసి, తెల్లవైపు నుంచి డ్రా కోసం వెతకండి. దొరికిన లైన్ కామెంట్లో రాయండి, అందరం కలిసి పరీక్షిద్దాం.