ఆఖరి కూత ఎవరిది? – స్టూడియో చర్చ పూర్తి పాఠం

నెల్లూరులోని ఒక స్థానిక కేబుల్ చానల్ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. మాట్లాడినవారి యాసను లిఖిత భాషలోకి మార్చాం. ఒకరి మాటకు మరొకరు అడ్డు తగిలిన చోట్లను మాత్రం అలాగే ఉంచాం. చర్చలో సగానికి పైగా మాస్టారే మాట్లాడారు కనుక, ఈ పాఠం ఆయన వైపు ఒరిగినట్టు కనిపిస్తే దానికి మేము చేయగలిగిందేమీ లేదు.

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. సంక్రాంతికి కావలి దగ్గరి ఒక ఊళ్లో జరిగిన కబడ్డీ పోటీల ఫైనల్ వీడియో వారం రోజులుగా జిల్లా అంతటా ఫోన్లలో తిరుగుతోంది. చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. స్కోరు 27–28, ఆటలో మిగిలింది ఒక్క కూత, ఎదుటి కోర్టులో ఉన్నది ముగ్గురు. ఆ రోజు 11 పాయింట్లు తెచ్చిన 19 ఏళ్ల కుర్రాడు మధ్య గీత దాకా వచ్చి నిలబడితే, కెప్టెన్ అతడి ఛాతీ మీద చెయ్యి వేసి వెనక్కి జరిపి, తానే కూతకు వెళ్లాడు. చీలమండ దొరికిపోయింది. కోర్టులో ముగ్గురే ఉండగా పట్టారు కాబట్టి సూపర్ టాకిల్ కింద రెండు పాయింట్లు అటు వెళ్లాయి, 27–30తో జట్టు ఓడింది. తరువాత ఎవరో అడిగితే ఆ కెప్టెన్, "ఈ కూత పది రోజులుగా నా కళ్ల ముందే ఉంది, నేను ముట్టుకుని వెనక్కి వచ్చినట్టే చూశాను" అన్నాడు. ఆ పది రోజులూ జట్టు చేత కళ్లు మూయించి మానసిక సాధన చేయించారని కూడా బయటపడింది. తప్పు ఊహదా, నాయకత్వానిదా? అందరికీ సమానంగా సమయం ఇస్తానని ముందే మాట ఇస్తున్నాను. మాస్టారూ, మీరు మొదలుపెట్టండి.

మాస్టారు (విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు): నాయనా, నేను ప్రకాశం జిల్లా పాఠశాలల్లో 34 ఏళ్లు పనిచేశాను. ఎర్రమట్టిలో ఆడించాను, ఇసుకలో ఆడించాను, ఎండిపోయిన చెరువులో గీతలు గీసి ఆడించాను. ఒక్క పిల్లవాడిని కూడా కళ్లు మూసుకోమనలేదు. కబడ్డీ కళ్లు తెరిచి ఆడే ఆట. కళ్లు మూసుకుని చేసేది ధ్యానమైనా కావాలి, నిద్రైనా కావాలి. 30 సెకన్ల కూతలో ఆ రెండింటికీ చోటు లేదు. ఆ పిల్లవాడికి గెలిచినట్టు కల వచ్చింది, కలను నమ్మి జట్టును ముంచాడు. ఇందులో చర్చించడానికి ఇంకేముంది?

అధ్యాపకురాలు (మనస్తత్వ శాస్త్రం): చాలా ఉంది మాస్టారూ. మానసిక చిత్రణను, అంటే ఆటను మనసులో ముందే చూసుకోవడాన్ని, కలతో కలిపేయడమే మొదటి పొరపాటు. కెనడా మనస్తత్వవేత్త అలన్ పైవియో 1985లోనే క్రీడల్లో ఊహ చేసే పనిని రెండుగా విడదీశాడు. నైపుణ్యాన్నీ వ్యూహాన్నీ మనసులో నెమరువేసుకోవడం ఒకటి. ఉత్సాహాన్నీ ధైర్యాన్నీ కూడగట్టుకోవడం మరొకటి. ఆ జట్టు చేసినదంతా రెండోదేనని నాకు అనుమానం. కప్పు ఎత్తినట్టు, జనం భుజాల మీద మోసినట్టు ఊహించుకుని ఉంటారు, అంతే తప్ప—

మాస్టారు: కప్పు కనిపించింది, కాలు పట్టుకునేవాడు కనిపించలేదు. నేనన్నదీ అదే.

అధ్యాపకురాలు: మీరన్నది అది కాదు, మీరు ఊహే వద్దన్నారు.

సమన్వయకర్త: ఒక్క నిమిషం మేడమ్. నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఈ కెప్టెన్‌ను ఎవరు నియమించారు? నిర్వాహకులు. అదే ఆటగాళ్లు ఓటు వేసి ఎన్నుకుని ఉంటే, ఆ 19 ఏళ్ల కుర్రాడిని అలా చేత్తో వెనక్కి నెట్టే ధైర్యం చేసేవాడా?

మాస్టారు: ఓటా? మన ఒంగోలు గిత్తలు బండ లాగే పందెంలో ఏ ఎద్దును ఎటువైపు కట్టాలో ఓటు వేసి తేలుస్తున్నారా? తోలేవాడికి తెలుసు. జత కుదరకపోతే ఎంత బలమున్న గిత్తయినా బండను పక్కకు లాగుతుంది. నేను చూసిన ఒక జత ఉండేది, దాని కథ చెబితే—

క్రీడాకారిణి (మాజీ కబడ్డీ డిఫెండర్): మాస్టారూ, గిత్తల సంగతి తరువాత చెప్పుకుందాం, ముందు ఆ వీడియోలోని కాలి సంగతి చూడండి. నేను దాన్ని పదిసార్లయినా ఆపి ఆపి చూశాను. పట్టుబడే ముందు కెప్టెన్ కుడి కాలు బోనస్ గీత వైపు సాగింది. ఎదుటి కోర్టులో కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్ ఇస్తారు. ముగ్గురే ఉన్నప్పుడు ఆ గీత దాటినా పాయింటు రాదు. మరి ఆ కాలు అటు ఎందుకు వెళ్లింది?

అధ్యాపకురాలు: చాలా మంచి ప్రశ్న. నన్నడిగితే, అతడు ఊహించుకున్న కూత ఏడుగురు నిండుగా ఉన్న కోర్టు మీదిది. పది రోజులు మనసులో ఏడుగురి మీద ఆడిన కూతనే ఆ రోజు ముగ్గురి మీద ఆడాడు. 2001లో హోమ్స్, కాలిన్స్ అనే పరిశోధకులు ఊహ ఆటకు ఎంత దగ్గరగా ఉండాలో ఏడు అంశాలుగా చెప్పారు. ఒంటి కదలిక, పరిసరం, చేయవలసిన పని, వేగం, నేర్చుకునే కొద్దీ ఊహను సవరించుకోవడం, భావోద్వేగం, ఎవరి కంటితో చూస్తున్నామన్నది. ఇందులో పరిసరం తప్పితే—

మాస్టారు: అమ్మా, ఏడు అంశాలు, ఏడుగురు ఆటగాళ్లు, లెక్క బాగానే కుదిరింది. కానీ కాలు ఎందుకు సాగిందో నేను చెబుతాను. అలవాటు. ఒంటికి పట్టిన అలవాటుకు మనసుతో పనేమిటి? దానికి మందు మైదానంలోనే ఉంది. ముగ్గురిని నిలబెట్టి, వంద కూతలు కూయించాలి.

అధ్యాపకురాలు: వంద కూతలు వద్దని ఎవరూ అనలేదు. 1994లో డ్రిస్కెల్, కాపర్, మోరన్ అనే పరిశోధకులు అంతకుముందరి ప్రయోగాలను కలిపి పరిశీలించి, మనసులో చేసే సాధన ఫలితం ఇస్తుందనీ, అయితే ఒంటితో చేసే సాధనంత ఇవ్వదనీ, రోజులు గడిచేకొద్దీ ఆ ఫలితం తరిగిపోతుందనీ—

మాస్టారు: విన్నావా నాయనా? "ఒంటితో చేసే సాధనంత ఇవ్వదు." ఆవిడే చెప్పారు, నేను చెప్పలేదు. ఇక నేను ఇంటికి వెళ్లవచ్చు.

సమన్వయకర్త: (నవ్వుతూ) ఇది మాస్టారికి ఒక పాయింటు అనుకోవాలి.

అధ్యాపకురాలు: ముందు భాగం ఎందుకు వదిలేస్తున్నారు? ఫలితం ఇస్తుందని కూడా చెప్పాను కదా. మోకాలికి దెబ్బ తగిలి మైదానంలోకి దిగలేని ఆటగాడికి, రోజుకు ఇన్ని కూతలకు మించి ఒళ్లు ఓర్చుకోలేని పిల్లలకు అది ఎంత ఆసరానో ఆలోచించండి.

క్రీడాకారిణి: దీనికి పేర్లు తెలియకపోయినా మేము చేసేవాళ్లం. ఒంగోలులో శిబిరంలో ఉన్నప్పుడు, రాత్రి భోజనాలయ్యాక వసారాలో సుద్దముక్కతో కోర్టు గీసి, ఏడు చింతపిక్కలు పేర్చేవాళ్లం. నాది ఎడమ కార్నర్ పిక్క. కూతకు వచ్చే అమ్మాయికి బదులు ఒక గవ్వ. ఒకరు గవ్వను జరుపుతుంటే మిగిలినవాళ్లం పిక్కలు జరుపుతూ, రెండో చేత్తో పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని ఉండేవాళ్లం. నా పక్కనున్న అమ్మాయి నా చిటికెన వేలు ఒకసారి నొక్కితే ఆగాలి, రెండుసార్లు నొక్కితే చీలమండ మీదికి దూకాలి. మా కెప్టెన్ అసలు పిక్కలే ముట్టుకునేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని, "ఇప్పుడు మీరు ముగ్గురే మిగిలారు" అంటూ నాలుగు పిక్కలు తీసి కొంగులో వేసుకునేది. అప్పుడు గొలుసు తెగిపోతుంది, మధ్యలో బోలెడంత ఖాళీ వస్తుంది, భయం వేస్తుంది. ఆ భయం కూడా మాకు పిక్కలతోనే అలవాటైంది.

అధ్యాపకురాలు: ఇంతకంటే మంచి ఉదాహరణ నా తరగతి గదిలో కూడా దొరకదు. ఏడుగురూ ఒకే చిత్రాన్ని చూశారు. ఆ చిత్రాన్ని మార్చింది కెప్టెన్. కావలి కెప్టెన్ మాత్రం ఒక్కడే ఒక చిత్రం చూశాడు, అందులో మిగిలిన ఆరుగురూ లేరు.

మాస్టారు: ఆగండి, ఆగండి. ఇది నేనూ చేయించాను. ఆటకు ముందు రోజు సాయంత్రం పిల్లలను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, రేపటి ఆటను ఒక్కొక్కరి చేత నోటితో చెప్పించేవాడిని. ఎవడు ఎటు నిలబడతాడు, ఎవడు ఎవడిని పడతాడు, వర్షం పడి నేల జారితే ఏం చేస్తాడు, అన్నీ చెప్పాలి. చెప్పలేనివాడిని మరుసటి రోజు ఆడించేవాడిని కాదు.

అధ్యాపకురాలు: మాస్టారూ, దాన్నే మానసిక చిత్రణ అంటారు!

మాస్టారు: దానికి నేను పేరు పెట్టలేదు, ఫీజు పుచ్చుకోలేదు. తేడా అదే.

(స్టూడియోలో నవ్వులు, చప్పట్లు. ఈ మాట తరువాత చర్చ ఆయన చేతుల్లోకి పూర్తిగా వెళ్లిపోయింది.)

సమన్వయకర్త: అద్భుతం మాస్టారూ. మీ దగ్గర చదువుకున్నవాడిగా నాకు ఆ వేపచెట్టు గుర్తుంది. మళ్లీ ఓటు దగ్గరికి వద్దాం. వేపచెట్టు కింద కూర్చున్న పిల్లలనే "మీ నాయకుడు ఎవరు?" అని అడిగితే?

అధ్యాపకురాలు: అడిగితే ఒక్క పేరు రాకపోవచ్చు. బెల్జియంలో కాత్రియెన్ ఫ్రాన్సెన్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 4 వేలకు పైగా ఆటగాళ్లనూ శిక్షకులనూ నాలుగు పాత్రల గురించి అడిగారు. మైదానంలో దారి చూపేది ఎవరు, ఉత్సాహపరిచేది ఎవరు, బయట జట్టును కలిపి ఉంచేది ఎవరు, నిర్వాహకులతో మాట్లాడేది ఎవరు అని. 44 శాతం మంది ఈ నాలుగింటిలో ఒక్కదానికి కూడా తమ కెప్టెన్ పేరు చెప్పలేదు.

సమన్వయకర్త: అంటే ఎన్నిక జరగాల్సిందే అన్నమాట!

అధ్యాపకురాలు: కాదండీ, నాయకత్వం పంచుకోబడుతుందన్నమాట. ఎన్నికైనవాడు కూడా నియంతలా తానే కూతకు వెళ్లవచ్చు. మన దేశం నుంచి కెనడా వెళ్లిన చెల్లదురై, సాలేతో కలిసి 1980లో శిక్షకుల నాయకత్వాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అందులో అందరినీ అడిగి నిర్ణయించే ధోరణి, తానే నిర్ణయించే ధోరణి రెండూ ఉన్నాయి. సందర్భాన్ని బట్టి రెండూ అవసరమే—

మాస్టారు: 30 సెకన్లలో అందరినీ ఎక్కడ అడుగుతారమ్మా? ధోనీ 2011 ఫైనల్లో యువరాజ్ కంటే ముందు తానే బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఎవరిని అడిగాడు? 91 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు, కప్పు వచ్చింది, దేశమంతా నాయకత్వమని మెచ్చుకుంది. ఓడి ఉంటే ఇదే దేశం అహంకారమని ఉండేది. మన కావలి కుర్రాడు ఓడాడు కాబట్టి ఈ రోజు ఇక్కడ కూర్చున్నాం.

క్రీడాకారిణి: మాస్టారూ, ఇంతకుముందు అతడు జట్టును ముంచాడన్నారు, ఇప్పుడు వెనకేసుకొస్తున్నారు. ధోనీ వచ్చింది కలలో కనిపించి కాదు. క్రీజులో గంభీర్ ఎడమచేతివాటం, యువరాజ్ కూడా అంతే. కుడి, ఎడమ జత కుదరాలి. పైగా మురళీధరన్ అంతకుముందు చెన్నై జట్టులో తనతో ఆడినవాడే, అతడి బంతులు ధోనీకి కొట్టిన పిండి. అంటే ఎదుటివాడిని చూసి తీసుకున్న నిర్ణయం. అదే ధోనీ 2007 టీ20 ఫైనల్లో పాకిస్థాన్‌కు 13 పరుగులు కావలసి ఉండగా, హర్భజన్‌కు ఓవరు మిగిలి ఉన్నా, ఆఖరి ఓవరు జోగిందర్ శర్మ చేతికిచ్చాడు. బంతిని ఇంకొకరికి ఇచ్చే చిత్రం కూడా కెప్టెన్ మనసులో ఉండాలి. కావలి కెప్టెన్ మనసులో ఆ చిత్రం లేదు.

మాస్టారు: క్రికెట్‌ను తెచ్చి కబడ్డీకి అతికించవద్దు!

క్రీడాకారిణి: తెచ్చింది మీరే కదా మాస్టారూ.

సమన్వయకర్త: పొదలకూరు నుంచి ఒకరు ఫోనులో ఉన్నారు. చెప్పండి సార్.

ఫోను చేసిన వ్యక్తి: నమస్కారం. నేను కళ్లు మూసుకుంటే చీకటి తప్ప నాకేమీ కనిపించదు. మా అమ్మ ముఖం కూడా రాదు. నాలాంటివాడు ఆ గదిలో ఉంటే పది రోజులు ఏం చేయాలి?

అధ్యాపకురాలు: అది జబ్బు కాదు, కొందరి స్వభావమే అంత. 2015లో ఆడమ్ జీమన్ బృందం దానికి అఫాంటాసియా అని పేరు పెట్టింది. మీలాంటివారికి దృశ్యం కాకుండా ఒంటి కదలికను తలచుకోవడం, చింతపిక్కల పద్ధతి—

మాస్టారు: లేదా మైదానంలో వంద కూతలు! మేడమ్ ఎటు తిరిగినా నా దగ్గరికే వస్తున్నారు.

సమన్వయకర్త: సమయం అయిపోతోంది. ఇప్పటిదాకా జరిగిన చర్చలో అందరి వాదనలూ సమానంగా వినిపించాయని అనుకుంటున్నాను. మాస్టారు చెప్పినట్టు మైదానానికి మించిన బడి లేదు. నేను అన్నట్టు కెప్టెన్ ఎన్నిక విషయం కూడా—

అధ్యాపకురాలు: క్షమించండి, ఆ కాలు బోనస్ గీత వైపు ఎందుకు సాగిందన్న ప్రశ్నకు ఇంకా—

సమన్వయకర్త: మేడమ్, పది సెకన్లే ఉన్నాయి.

క్రీడాకారిణి: అయితే నేను ఒకటే అడుగుతాను. వారం రోజులుగా అందరూ కెప్టెన్‌నే అడుగుతున్నారు. ఛాతీ మీద చెయ్యి వేయించుకుని వెనక్కి జరిగిన ఆ కుర్రాడిని ఎవరైనా అడిగారా? ఆ కూత అతడికి ఎలా కనిపించిందని?

మాస్టారు: వాడిని అడిగేదేముందమ్మా, నేను చెబుతాను—

(ప్రకటనలు)