కొవిడ్ తీసేసిన పాతిక శాతం

అధ్యాపక మిత్రులకు, తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

కొవిడ్ రెండేళ్లలో మన పిల్లల ప్రవేశ పరీక్షల నిబంధనలు చాలానే మారాయి. వాటిలో కొన్ని మళ్లీ పాత దారికొచ్చాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. ఏది పోయిందో, ఏది ఉందో తెలియని తికమక మాత్రం ఇళ్లల్లో ఇంకా తీరలేదు. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇంటర్ వెయిటేజీది, అంటే ఇంజినీరింగ్ ర్యాంకులో ఇంటర్ మార్కులకిచ్చే వాటాది.

2020 వరకు ఇంజినీరింగ్ ర్యాంకులో ఎంసెట్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం. ఎంసెట్ 160 మార్కులు. ఎంపీసీలో గ్రూపు మార్కులు ప్రాక్టికల్స్‌తో కలిపి 600. ఒక అమ్మాయికి ఎంసెట్‌లో 100, ఇంటర్‌లో 582 వచ్చాయనుకోండి: 46.875కు 24.25 కలిపితే 71.125. ఇంకో అబ్బాయికి ఎంసెట్‌లో 108, ఇంటర్‌లో 480: 50.625కు 20 కలిపితే 70.625. అమ్మాయే ముందు. వెయిటేజీ తీసేస్తే అదే అబ్బాయి 8 మార్కులు ముందుంటాడు. ఇంకో లెక్కలో చెప్పాలంటే, 11.25 ఇంటర్ మార్కులు ఒక్క ఎంసెట్ మార్కుతో సమానం. వెయిటేజీ బరువు జనం అనుకున్నంత పెద్దది కాదు. కాకపోతే, పాయింటు తేడాలతో ర్యాంకులు మారే చోట ఆ కాస్తే చాలు.

2021లో సెకండియర్ పరీక్షలే రద్దయ్యాయి. తెలంగాణ బోర్డు ఫస్టియర్ మార్కులనే సెకండియర్‌కూ వేసి, ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులిచ్చింది. తప్పిన సబ్జెక్టులకు 35 శాతం వేసింది. బోర్డు పరీక్షల రద్దుపై సుప్రీంకోర్టు విచారణ నడుస్తుండగా జూన్ 24న ఆంధ్రప్రదేశ్ కూడా పరీక్షలు రద్దు చేసి, పదో తరగతికి 30 శాతం, ఫస్టియర్‌కు 70 శాతం చొప్పున లెక్కగట్టింది. ఇలాంటి మార్కులకు వెయిటేజీ ఇస్తే ఏమవుతుంది? ఒకచోట ఫస్టియర్‌ను రెండుసార్లు లెక్కించినట్టు, ఇంకోచోట పదో తరగతి సోషల్ మార్కులూ ఇంజినీరింగ్ సీటులో వాటా అడిగినట్టు! అందుకే రెండు రాష్ట్రాలూ ఆ ఏడాది ర్యాంకును పూర్తిగా ప్రవేశ పరీక్ష మార్కులకే అప్పగించాయి. 2022లోనూ అదే పద్ధతి. ఆ బ్యాచ్ ఫస్టియర్ తప్పినవాళ్లను తెలంగాణ కనీస మార్కులతో గట్టెక్కించింది కాబట్టి వేరే దారి కూడా లేదు.

2023లో దారులు విడిపోయాయి. ఆంధ్రప్రదేశ్ 25 శాతాన్ని తిరిగి తెచ్చింది. తెలంగాణ శాశ్వతంగా ఎత్తేసింది. అత్యవసరంలో చేసిన సర్దుబాటును శాశ్వతం చేయడం నాకు సరైన పనిగా తోచదు. ఇంటర్ పాసైతే చాలన్న ధీమాతో ల్యాబ్ రికార్డు కూడా ముట్టని పిల్లలు తయారవుతారు. ఆ ధీమాకీ హద్దుంది: కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే) సీటుకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి.

అసలు దెబ్బ కేంద్ర ఇంజినీరింగ్ సంస్థలైన ఎన్‌ఐటీల దగ్గర తగులుతుంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో చేరడానికి ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధనను 2020, 2021, 2022లో సడలించారు. 2023లో అది తిరిగొచ్చింది: 75 శాతమైనా ఉండాలి, లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లోనైనా (మార్కుల్లో పైనున్న 20 శాతం మందిలో) ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఇందులో భాషల మార్కులూ కలుస్తాయి కనుక సంస్కృతాన్నో తెలుగునో వదిలేస్తే నష్టమే.

ప్రశ్నపత్రంలో వచ్చిన వెసులుబాటు మాత్రం పోయింది. 2021 నుంచి జేఈఈ మెయిన్ ప్రతి సబ్జెక్టు సెక్షన్ బీలో 10 ఇచ్చి 5 రాయమనేవారు. 2025 నుంచి ఇచ్చేదే 5, అన్నీ రాయాలి. 2021లో సెక్షన్ బీ తప్పులకు మార్కు కోత లేదు, ఇప్పుడు ఉంది. వైద్య ప్రవేశ పరీక్ష నీట్ కూడా 200 ప్రశ్నల్లో 180 రాసే పద్ధతి నుంచి 2025లో 180కి 180కే వచ్చింది. పాత పేపర్లు సాధన చేయించేటప్పుడు ఇష్టమైన అయిదు ఏరుకోనివ్వకండి. వరసలో మొదటి అయిదే రాయించి, తప్పుకు ఒక మార్కు కోసి లెక్కవేయండి.