డోలు మాట ఎత్తొద్దన్నానా!

కిరణ్: రికార్డ్ అవుతోంది కదా? సరే. ఇవాళ టాపిక్, నేటి షమన్ సాధనలో ఆడా మగా. షమన్ అంటే ఆత్మలతో మాట్లాడి వైద్యం చేసే మనిషి. ఎప్పటి నుంచో అడుగుతున్నారు.

మాధవి: తాబేలు ఎపిసోడ్ తర్వాత కూడా మనల్ని అడిగేవాళ్ళు ఉన్నారంటే వాళ్ళ ఓపికకు దండం.

కిరణ్: తాబేలు సంగతి వద్దు. కొరియాతో మొదలుపెడదాం. అక్కడి షమన్లను ముదాంగ్ అంటారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ‘గుత్’ అనే పూజ జరిపించే మగవాళ్ళు కొందరు ఆడవాళ్ళ బట్టలు కట్టుకుంటారు. సైబీరియాలోని చుక్చీ తెగలో ఆడవేషంలోకి మారిపోయిన మగ షమన్ల గురించి వందేళ్ళ కిందటే రాసిపెట్టారు.

మాధవి: మరి ఇప్పటి వర్క్‌షాపుల్లో ‘మీలోని స్త్రీశక్తిని మేల్కొలపండి’ అంటారే, అందులో కొత్తేముంది?

కిరణ్: ఫీజు. (నవ్వు) ఆ తర్వాత డోలు.

మాధవి: వచ్చేసింది!

కిరణ్: నిమిషానికి 205 నుంచి 220 దెబ్బలు, మాధవీ! మైకేల్ హార్నర్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త పద్ధతిలో ఆ వేగం...

మాధవి: హార్నర్ దగ్గరే ఆగు. అమెజాన్‌లో షువార్, కోనిబో అనే ఆదివాసుల మధ్య తిరిగిన మనిషి. తర్వాత అన్ని జాతుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఇదీ అని సారం తీసి ‘కోర్ షమనిజం’ అని పేరు పెట్టాడు. ఎవరైనా శని, ఆదివారాల్లో నేర్చుకోవచ్చు. ఆ సారం తీయడంలో ఊరిని, అంటే ఆ సాధన ఎవరిదో ఆ మనుషుల్ని, వదిలేశాడు.

కిరణ్: అలా తీసిపారేయకు. సోవియట్ కాలంలో సైబీరియాలోని తువా షమన్లను నానా హింసా పెట్టారు. 1993లో తువా వాళ్ళు పిలిస్తేనే హార్నర్ సంస్థ వాళ్ళు వెళ్ళారు.

మాధవి: అదే 1993లో అమెరికా ఆదివాసులైన లకోటా వాళ్ళు, తమ ఆధ్యాత్మికతను దోచుకునేవాళ్ళ మీద యుద్ధం ప్రకటించారు. ‘యుద్ధం’ అనే రాశారు.

కిరణ్: లకోటా పెద్దే ఒకాయన తెల్లవాళ్ళకు అనుమతి ఇస్తే?

మాధవి: అదీ రాశారు! మాలోంచే లేచి అలాంటి అనుమతులు ఇచ్చేవాళ్ళనూ సహించం అన్నారు. జాతి సంగతి లేదనను, ఉంది. కానీ లకోటా మనిషైనా తనవాళ్ళకు చెప్పకుండా అమ్ముకుంటే అంతే సంగతులు.

కిరణ్: మరి మెక్సికోలో మత్తు పుట్టగొడుగులతో వైద్యం చేసిన మరియా సబీనా? తనంతట తనే ఒప్పుకుంది కదా.

మాధవి: ఒప్పుకుందా! 1955లో గోర్డన్ వాసన్ మెక్సికోలోని హువావుట్లా వెళ్ళాడు. న్యూయార్క్ బ్యాంకర్. వెంటపెట్టుకొచ్చింది ఊరి అధికారి, కాబట్టి కాదనలేకపోయానని ఆమే చెప్పింది. పైగా వాసన్ కొడుకు గురించి బెంగగా ఉందని సాకు చెప్పాడు. ఆ పుట్టగొడుగుల జాగారం రోగుల కోసం చేసేది, వేడుక చూడ్డానికి కాదు.

కిరణ్: పేరు మార్చే రాశాడుగా.

మాధవి: పేరు మార్చి ఫోటోలు అచ్చేశాడు! 1957లో లైఫ్ పత్రికలో. తర్వాత ఊరి నిండా హిప్పీలు. ఆమె ఇల్లు తగలబెట్టారు. విదేశీయులు వచ్చాక పుట్టగొడుగుల బలం పోయిందని చెప్పుకుంది పాపం. చదువులేని మజటెక్ ఆదివాసీ ముసలావిడ ఎదుట అధికారి, బ్యాంకర్ నిలబడితే ఏమని కాదంటుంది?

కిరణ్: ...ఇదే మన టాపిక్ కదా, ఆడా మగా.

మాధవి: అవును. కొరియా మాట మర్చిపోయాం.

కిరణ్: పర్లేదు. ఇంతకీ సైబీరియాలో డోలు చర్మాన్ని మంట దగ్గర పట్టి కాస్తారు తెలుసా? చర్మం బిగిసి మోత మారుతుంది. ఇప్పుడు ఇయర్‌ఫోన్లలో రికార్డు పెట్టుకుని పడుకుంటున్నారు. వాళ్ళకి ఆ...

మాధవి: కిరణ్!

కిరణ్: సరే, సరే. నీ ఊరి మాటకే వస్తా. అయహువాస్కా అనే అమెజాన్ మత్తు పానీయం తాగించే రిట్రీట్లకు వెళ్ళిన ఆడవాళ్ళను వైద్యం పేరుతో లైంగికంగా వేధించిన కేసులున్నాయి కదా. చేసినవాడు ఊళ్ళో పేరున్న వైద్యుడే అయితే? ఊరు వాడివైపే నిలబడితే?

మాధవి: ఊరంటే మగాళ్ళేనా? ఆ ఊరి ఆడవాళ్ళ మాట కూడా వినాలి.

కిరణ్: ఎవరు వింటున్నారు?

మాధవి: నువ్వు వినవు, డోలు వింటావు.

కిరణ్: జోక్ చేయకు, అడుగుతున్నా.

మాధవి: నేనూ జోక్ చేయట్లేదు. రిట్రీట్‌కు వెళ్ళిన ఆ అమ్మాయి వేరే దేశం నుంచి వెళ్ళింది, ఆ ఊళ్ళో తనవాళ్ళంటూ ఎవరూ... ఆగు, నా ఫోన్ మోగుతోంది. మా అమ్మ. ఆపెయ్.