108కి ఫోన్ చేశాక జరిగేదేమిటి?

(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన ఆటో డ్రైవర్లు, హోటళ్ళు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బేరాలు వదులుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించింది, ఇతర రాష్ట్రాలూ అదే నంబరు తీసుకున్నాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది ఒప్పందం కుదుర్చుకున్న సంస్థ. ఇన్నేళ్ళలో ప్రభుత్వాలు మారాయి, సంస్థలు మారాయి, బండ్ల మీద బొమ్మలు కూడా మారాయి. నంబరు మాత్రం అదే. రోగి దగ్గర పైసా తీసుకోరు.

మీరు 108 నొక్కితే ఆ ఫోను పక్క ఊరి ఆసుపత్రిలో మోగదు, రాష్ట్రానికంతా పనిచేసే కాల్ సెంటర్‌లో మోగుతుంది. అక్కడ ఫోను ఎత్తే అమ్మాయికి మీ చింతచెట్టు సెంటర్ తెలియదు. మనమేమో "చింతచెట్టు దగ్గర యాక్సిడెంట్ అయిందండీ, తొందరగా రండి" అని పెట్టేస్తాం. ఆమె తిరిగి చేస్తే మన ఫోను ఖాళీగా ఉండదు, ఎందుకంటే అప్పటికే బావమరిదికి కబురు చెబుతుంటాం! బండి ఆలస్యమైందని తిట్టుకునే సమయంలో కొంత ఇక్కడే పోతుంది.

ఆమె అడిగే ప్రశ్నలకు విసుక్కోకండి. జిల్లా, మండలం, ఊరు చెప్పాక గుర్తు చెప్పాలి. హైవే మీదైతే కిలోమీటరు రాయి మీది అంకె చూసి చెప్పండి. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: విజయవాడ వైపు వెళ్ళే రోడ్డా, హైదరాబాద్ వైపు వెళ్ళేదా? మధ్యలో డివైడర్ ఉంది కదా. తప్పు వైపు వచ్చిన బండి యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి, కళ్ళెదుటే కనిపిస్తున్నా ఇవతలికి రాలేదు. దెబ్బలు తగిలింది ఎందరికి, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా అని కూడా అడుగుతారు. ఎన్ని బండ్లు పంపాలి, పోలీసులకు, ఫైరింజనుకు చెప్పాలా అన్నది ఆ జవాబులను బట్టే తేలుతుంది. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 అనే నంబరు కూడా ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి.

బండిలో ఇద్దరుంటారు. నడిపే ఆయనను పైలట్ అంటారు. వెనక ఉండేది ఈఎంటీ, అంటే అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన మనిషి. ఆయన డాక్టరు కాదు. అవసరమైతే ఫోనులో డాక్టరును అడిగి మందు ఇస్తారు. ఆక్సిజన్, మెడకు పెట్టే కాలర్, వెన్ను కదలకుండా పడుకోబెట్టే బల్ల, కాన్పు సామగ్రి బండిలోనే ఉంటాయి. ఆసుపత్రి చేరేలోపే రోడ్డు పక్కన బండి ఆపి కాన్పు చేసిన ఈఎంటీలు ఎందరో ఉన్నారు.

లోపాలు లేవని చెప్పను. దగ్గరి బండి అప్పటికే ఇంకో రోగిని తీసుకుని జిల్లా ఆసుపత్రికి పోయి ఉండవచ్చు. అక్కడ మంచం దొరక్క రోగి బండి స్ట్రెచర్ మీదే ఉండిపోతే బండి బయటికి కదలదు. బండ్ల సంఖ్య గురించి అందరూ మాట్లాడతారు గాని, నన్నడిగితే ఆసుపత్రి గుమ్మం దగ్గర పోయే సమయం గురించే ఎక్కువ అడగాలి.

బండి వచ్చేలోగా మీరున్నారు. మనవాళ్ళది మంచి మనసే. కానీ పడినవాడి చంకల కింద చేతులు వేసి లేపి ఆటోలో కుదేస్తారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఒక్క కుదుపుతో జీవితాంతం మంచాన పడవచ్చు. మంటలో, లారీల దారిలో ఉంటే తప్ప కదపకండి. హెల్మెట్ లాగకండి. నీళ్ళు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన తువ్వాలు పెట్టి గట్టిగా అదిమి పట్టండి. చూద్దామని మాటిమాటికీ తీయకండి. బండి రావడానికి బాగా ఆలస్యమవుతుందంటే, ఆటోలో తేవాలా వద్దా అని కాల్ సెంటర్‌నే అడగండి.

"కేసులో ఇరుక్కుంటాం సార్" అంటారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి ఉద్దేశంతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. పోలీసులు వచ్చాకే వైద్యం అనే మాట చెల్లదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. అదే 2019 సవరణలో మనకు చురక కూడా ఉంది: అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే పదివేల రూపాయల జరిమానా, జైలు కూడా పడవచ్చు.

ఇక మాటలు చాలు. ఈ బల్ల మీద ఉన్నది రబ్బరు బొమ్మ. పడిపోయిన మనిషి పలకడం లేదు, ఊపిరీ లేదనుకోండి. అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగం, ఛాతీ మధ్యలో రొమ్ము ఎముక కింది సగం మీద పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతుకు నొక్కాలి. నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు. ఒక్కరే నొక్కితే త్వరగా అలసిపోతారు, అందుకే ఇద్దరిద్దరుగా రండి. ముందు వరుసలో ఖాకీ చొక్కా అన్నా, మీతోనే మొదలుపెడదాం.